డిస్కంతయు నకలు తీయవలయునా, సిస్టము భాగమే చాలునా?

(వార్షిక మహాసభ రెండవనాఁటి యుదయ సమావేశమునఁ జేసిన యుపన్యాసము)



మాకంటె ముందు మాటలాడిన పెద్దలు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు, పత్తిరైతుల ఋణబాధలను గూర్చియు మనోహరముగా నుపన్యసించిరి. వారి తరువాత లేచి, ఒక పెట్టెలోని డిస్కును గూర్చి ప్రసంగించుట విందుభోజనానంతరమునఁ గషాయము నిచ్చుటవంటిదే యగును. అయినను గషాయము వ్యాధిగ్రస్తునకే గాక, వ్యాధి రాకుండఁ గోరువానికిని హితమైనది. కాఁబట్టి అర్ధగంటకాలము సహనముతో వినవలసినదని ప్రార్థించుచున్నాము.

ముందుగా నొక తప్పు నొప్పుకొనవలసియున్నది. ఆ తప్పు మాది. సంఘ కార్యాలయపు దస్తరమును గాపాడుభారము మాపై నుంచఁబడియుండఁగా, దానిలో సగమును మేము పోఁగొట్టితిమి. ఎట్లు పోయెనో చెప్పుటకే యిక్కడ నిలిచితిమి గాని పాండిత్యము ప్రకటించుటకుఁ గాదు.

గతవత్సరము మిరపకోతల కాలమున నొకనాఁటి యుదయమునఁ గార్యాలయమందలి కంప్యూటరు తెఱచుకొనలేదు. బాగుచేయువాఁడు వచ్చి చూచి, డిస్కు చనిపోయినదనియు, దానిలోని వ్రాఁత చేతికి రాదనియుఁ జెప్పెను. మేము కొంచెమైనను భయపడలేదు. ఏలయనఁగాఁ బ్రతి యాదివారమును వెలుపలి డిస్కొకటి తగిలించి నకలు తీయించుచునే యుంటిమి. క్రొత్త డిస్కు కొనితెచ్చి, నకలునుండి తిరిగి నింపఁగా నలువది నిమిషములలో యంత్రము లేచి కూర్చుండెను. తెరమీఁద వెనుకటి చిత్రమే. వెనుకటి తెలుఁగు అక్షరములే. అచ్చుయంత్రము సయితము వెనుకటివలెనే పలికెను. సంతోషము పట్టలేక మిఠాయి తెప్పించితిమి.

మిఠాయి పంచుచుండఁగానే వసతిగృహపు మేనేజరుగారు వచ్చి, విద్యార్థివేతనముల పట్టిక చూపుఁడనిరి. చూపఁబోతిమి. పట్టిక లేదు. పట్టికయే గాదు, పట్టిక యుండెడి 'డి' డ్రైవే లేదు. మా యాదివారపు నకలులోఁ 'సి' డ్రైవును, యంత్రము లేచుటకుఁ గావలసిన చిన్న భాగములును మాత్రమే యుండెను. నకలు తీయు సాధనమును మొదట నేర్పఱచిననాఁడు, విండోసు నడచుటకుఁ గావలసిన భాగములను మాత్రము గుఱుతు పెట్టి, 'డి' యెదుటి గడిని మేము ఖాళీగా విడిచితిమి. 'సిస్టము నకలు' అను మాటను 'యంత్రమంతటి నకలు' అని యర్థము చేసికొంటిమి. రెండేండ్లపాటు నూఱుకుఁ బైబడిన యాదివారములు శ్రద్ధతో నా తప్పునే చేయుచుంటిమి.

'డి'లో నేమేమి యుండెనో వినుఁడు. వసతిగృహపు ప్రవేశపట్టికలు పదునొకండేండ్లవి. వీనిలోఁ జాలభాగము కాగితములనుండి తిరిగి యెక్కించితిమి. శాశ్వతనిధుల లెక్కలు, ఇవి ఆడిటరుగారి ప్రతులవలన దొరకెను. వెనుకటి సంచికల ఛాయలు. పుస్తకములు సభ్యుల యిండ్లనుండి తెచ్చి మఱలఁ దీయించితిమి. ఇఁక నాలుగవది కలదు. మన వృద్ధు లెనమండుగురను గూర్చుండఁబెట్టి, 1977వ సంవత్సరపుఁ దుపానును గూర్చియు, 1987-88లో తెల్లదోమచేఁ బత్తి పోయి గుంటూరు ప్రకాశము జిల్లాల రైతులు ప్రాణములు తీసికొనిన దినములను గూర్చియు వారు చెప్పిన మాటలను వారి కంఠములతోనే పట్టియుంచితిమి. ఆ యెనమండుగురిలో ముగ్గు రిప్పుడు లేరు. మిగిలిన యైదుగురియొద్దకు మఱలఁ బోవచ్చును. ఆ ముగ్గురి కంఠములు ఏ యంగడిలోఁ గొని తేగలము? వారి పిల్లలు వచ్చి, 'మా నాయనగారి మాట వినిపింపుఁడు' అని యడిగిననాఁడు మేము తల వంచుకొంటిమి.

ఈ నష్టము మీలో నెవరికిని గలుగరాదనియే యీ ప్రసంగము.

డిస్కు స్వరూపము

నకలు విషయము తెలియవలయునన్న డిస్కు స్వరూపము కొంత తెలియవలయును. 1983లో ఐ.బి.ఎం. వారు పి.సి. ఎక్స్‌టి యను యంత్రము నమ్మకమునకుఁ బెట్టినపుడు దానిలోని డిస్కు పరిమాణము 10 మెగాబైట్లు. నేఁడు సామాన్యపు టంగడిలో దొరకు ఒక టెరాబైటు డిస్కు దానికి లక్షరెట్లు. ఇంత పెద్ద క్షేత్రమును గట్లు వేసి పంచుకొనుట సహజము. ఆ పంపకమునకే పార్టిషనని పేరు. మన న్యాయస్థానములలోఁ బంపకపు దావాకు వాడు మాటయు నిదియే. ఒక్క డిస్కునే మడులుగా విభజించి, యొక మడికి 'సి' యనియు నింకొకదానికి 'డి' యనియుఁ బేరు పెట్టుదురు. 'ఏ, బీ' లేమాయె నని యెవరైన నడుగవచ్చును. ఆ రెండక్షరములును బూర్వము ఫ్లాపీలకుఁ గేటాయింపఁబడినవి. ఫ్లాపీలు పోయినను నక్షరము లట్లే నిలిచినవి.

'సి' మడిలో విండోసును, పనిముట్లును నుండును. దీనినే సిస్టము పార్టిషనని వాడుకలోఁ జెప్పుచున్నారు. 'డి' మడిలో మన చిట్టాలు, ఆవర్జాలు, పిల్లల ఛాయాచిత్రములు, దస్తావేజుల నకళ్లు నుండును. ఉపమానముగాఁ జెప్పవలయునన్న, 'సి' యనునది వ్యవసాయపుఁ బనిముట్ల కొట్టము. 'డి' యనునది ధాన్యపుఁ గొట్టు. కొట్టము కాలిపోయిన నాఁగలిని మఱలఁ గొనవచ్చును. విత్తనపు గింజ పోయిన నా రకము మఱల రాదు.

ఈ రెండును గాక కంటికిఁ గనఁబడని చిన్న మడులు గలవు. నేఁటి యంత్రములలో మొట్టమొదట నూఱు మెగాబైట్ల ప్రాంతమున ఈ.ఎఫ్.ఐ. భాగ మొకటి యుండును. యంత్రమును మేలుకొలుపు మంత్ర మిందుండును. దాని చెంతనే 16 మెగాబైట్ల భాగ మొకటి విండోసు తన కొఱకు నట్టిపెట్టుకొనును. తుదిని గొన్ని వందల మెగాబైట్లతో మరమ్మతు భాగ మొకటి యుండును. 'సి'ని మాత్రమే నకలు తీసి, క్రొత్త డిస్కులోఁ బెట్టినయెడల, ఈ చిన్న మడి లేని కారణమున యంత్రము కన్ను తెఱవదు. విండోసు స్థాపక సాధనముతో దానిని మఱలఁ గట్టవచ్చును గాని, తెలిసినవాఁడు దగ్గఱ నుండవలయును.

ఇఁక హద్దుల పట్టిక. ఏ మడి యెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలుపు పట్టిక డిస్కు మొదట వ్రాయఁబడియుండును. పాత పద్ధతిలో నది మొదటి 512 బైట్లలో 64 బైట్లు మాత్రమే యాక్రమించెడిది. నాలుగు మడులకే చోటు. రెండు టెరాబైట్లకు మించిన డిస్కును బూర్తిగాఁ గొలువలేదు. క్రొత్త పద్ధతిలో విండోసు 128 మడులకుఁ జోటుంచును. అంతేగాక పట్టికను డిస్కు మొదటనొకటియుఁ జివర నొకటియు రెండు ప్రతులుగా నుంచును. దీనిని గనిపెట్టినవారు సయితము ఒక్క ప్రతిని నమ్మలేదు, చూచితిరా!

పట్టిక చెడినను మడిలోని వ్రాఁత చెడదు. హద్దులు మాత్రమే తెలియకుండఁబోవును. మన ప్రాంతమువారికి దీనిని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. వేటపాలెము గ్రామము 1970కి ముందు గుంటూరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున ఒంగోలు జిల్లా యేర్పడఁగా నందుఁ జేరెను. ఆ జిల్లాయే 1972లో ప్రకాశము పంతులుగారి పేరు దాల్చెను. 2022 ఏప్రిలు 4వ తేదిని బాపట్ల జిల్లా పుట్టఁగా గ్రామ మందుఁ జేరెను. ఇన్ని మాఱులు హద్దుల పట్టిక మాఱినను, 1918లో వెలసిన సారస్వతనికేతన గ్రంథాలయము తానున్న గ్రామమును విడువలేదు. పట్టిక వేఱు, భూమి వేఱు. అయినను బట్టిక లేనిదే భూమి యెవరిదో తెలియదు.

వస్తువును స్థానమును రెండింటిని గాపాడవలయుననుటకు మన యమరావతి స్తూపమే సాక్షి. పదునెనిమిదవ శతాబ్ద్యంతమున మెకంజీదొర దానిని జూచి, 1816లో మఱల వచ్చి, శిల్పములకుఁ జిత్రములు వ్రాయించెను. ఆ చిత్రములు లండనులో భద్రముగా నున్నవి. చిత్రింపఁబడిన శిల్పములలోఁ బెక్కులు నేఁడు లేవు. 1877లో సీవెలుదొర కొంత త్రవ్వెను. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు నాజ్ఞచే దిబ్బ యంతయుఁ ద్రవ్వివేయఁబడెను. ఫలకములు మద్రాసునకును లండనునకును జేరినవి గాని, ఏ ఫలక మెచ్చట నిలిచియుండెనో యను విషయమునఁ బండితులు నేఁటికిని దర్కించుచున్నారు. మఱి స్తూపము సమగ్రరూపము మనకెట్లు తెలిసినది? ప్రాచీనశిల్పులు స్తూపమంతటి ప్రతిబింబమును స్తూపఫలకములమీఁదనే చెక్కి యుంచిరి. ఆ సంపూర్ణప్రతిబింబమే నేఁడు మనకుఁ బ్రధానాధారము. రాతిని రాతిగాఁ గాపాడినది ఫైలు నకలువంటిది. స్తూపమును స్తూపముగాఁ జెక్కినది సంపూర్ణ డిస్కు నకలువంటిది.

రెండు పక్షములు

సిస్టము భాగమే చాలుననువారి వాదము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. మొదటిది కాలము. మా కార్యాలయపు డిస్కులో 'సి'యందు 80 గిగాబైట్లును, 'డి'యందు 320 గిగాబైట్లును నిండియుండెను. వెలుపలి డిస్కు సెకండునకు నూఱు మెగాబైట్ల చొప్పున వ్రాయుననుకొన్న, 'సి'కిఁ బదునాలుగు నిమిషములలోపు చాలును. రెండింటికిని అఱువది యేడు నిమిషములు పట్టును. ఖాళీస్థలముతో సహా ప్రతి గడిని నకలు తీయఁబూనినచో నొక టెరాబైటునకు రెండుగంటల నలువది యేడు నిమిషములు. పదునాలుగు నిమిషముల పనియైనచోఁ బ్రతివారమును జేయుదురు. మూఁడుగంటల పనియైనచోఁ బండుగకొకసారి చేయుదురు. రెండవది స్థలము. చిన్న నకళ్లైనచో నొక్క డిస్కులోఁ బెక్కు నుంచుకొనవచ్చును. మూఁడవది ముఖ్యమైనది: సిస్టము చెడినపుడు సిస్టమును మాత్రమే తిరిగి పెట్టినయెడల 'డి'లోని లెక్కలకు భంగము కలుగదు.

ఈ మూఁడవ వాదమునకు మఱియొక యుదాహరణము మన బంధువర్గమునందే కలదు. గుంటూరు మిరపయార్డులోఁ గమిషను వ్యాపారము చేయు పెద్దయొకరు మా కథ విని, 'మేమైతే డిస్కంతయు నకలు తీయుచున్నాము, మాకేమి భయము?' అనిరి. నిజముగనే ప్రతినెల మొదటి తేదిని సంపూర్ణప్రతి తీయుచుండిరి. ఒక నెల యిరువది మూఁడవ తేదిని విండోసు తన్ను తాను సవరించుకొనఁబోయి మధ్యలో నిలిచిపోయెను. వారి మేనల్లుఁడు తెలివిగలవాఁడే. మొదటి తేది నకలును దెచ్చి డిస్కంతటిమీఁదఁ బోసెను. యంత్రము బాగుపడెను. కాని 'డి' మడియు మొదటి తేదికిఁ బోయెను. ఇరువదిరెండు దినముల చిట్టా తుడుచుకొనిపోయెను: ఏ రైతు ఎన్ని టిక్కీలు తెచ్చెను, కాటా యెంత తూగెను, క్వింటాలు ధర యెంత పలికెను, బయానా యెంత యిచ్చిరి, కోల్డ్‌స్టోరేజిలో నెన్ని నిలువయున్నవి, అన్నియుఁ బోయెను. చెడనిది చెడినదానితోఁబాటు కొట్టుకొనిపోయెను. పల్నాటిరైతులు తమయొద్దనున్న కాటాచీటీలు చూపఁగా, వారి మాటనే ప్రమాణముగాఁ గొని, తేడా వచ్చినచోటెల్లఁ దామే భరించిరి. మాట నిలిచెను గాని సొమ్ము పోయెను.

మాకుఁ దక్కువ నకలు తీసినందువలన నష్టము కలిగెను. వారికి సంపూర్ణప్రతి యుండియు నష్టము కలిగెను. కావున 'ఏది మేలు' అను ప్రశ్నకు ముందు నొక భేదము గ్రహింపవలయును. నకలు తీయుట యొక కార్యము. తిరిగి పెట్టుట వేఱొక కార్యము. తీయునపుడు విశాలముగాఁ దీయవలయును. పెట్టునపుడు చెడినంతమేరకే పెట్టవలయును. సముద్రమునుండి చెంబెడు నీరు ముంచుకొనవచ్చును. చెంబునుండి సముద్రము రాదు. సంపూర్ణప్రతినుండి ఒక్క మడిని మాత్రము తీసి పెట్టవచ్చును; మంచి సాధనములలో నొక్క ఫైలును మాత్రము తీసికొనవచ్చును. సిస్టము భాగపుఁ బ్రతినుండి 'డి'ని దెచ్చుట బ్రహ్మతరము గాదు.

కావున మా యనుభవముచేఁ దేలిన నిర్ణయము నిది. డిస్కు సంపూర్ణప్రతిని నెలకొకసారియు, యంత్రములోఁ బెద్దమార్పు చేయఁబోవు ప్రతిసారియుఁ దీయవలయును. లెక్కలు, పత్రములు మొదలగు మన స్వంతపు వ్రాఁతను దినదినమును వేఱుగ నకలు చేయవలయును. ఏ దినమున మాఱినవి యా దినమునఁ జేసికొనినచోఁ గొన్ని నిమిషముల పని. విండోసు మాత్రమే చెడినయెడల సంపూర్ణప్రతినుండి సిస్టము భాగమును మాత్రమే తిరిగి పెట్టవలయును. డిస్కే చనిపోయినయెడల సంపూర్ణప్రతిని బెట్టి, దానిపై నాఁటివఱకుఁ గల దినచర్య నకళ్లను జేర్పవలయును. సిస్టము భాగపుఁ బ్రతి యక్కఱలేదని చెప్పము. అది సవరణలకు ముందు తీసికొనఁదగిన త్వరితసాధనము. దానినే సర్వస్వమని నమ్ముట తప్పు.

2025 అక్టోబరు 14వ తేదితో విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ ముగిసినందున మనలో ననేకులు యంత్రములు మార్చుచున్నారు. పాత యంత్రమును బాతసామానులవానికిచ్చుటకు ముందు దాని సంపూర్ణప్రతి తీసి యుంచుకొనుఁడు. ఎందుఁ దాఁచితిమో మఱచిన ఫైలు ఎల్లప్పుడును రెండు నెలల తరువాతనే జ్ఞప్తికి వచ్చును.

కొన్ని జాగ్రత్తలు

ఒకటి. డ్రైవు అక్షరమును జూచి డిస్కును లెక్కింపరాదు. కొన్ని యంత్రములలో 'సి'యు 'డి'యు నొక్క డిస్కులోని మడులు. మఱికొన్నింటిలో 'సి' వేగముగల యొక చిన్న డిస్కులోను, 'డి' వేఱొక పెద్ద డిస్కులోను నుండును. అట్టిచోట 'మొదటి డిస్కు సంపూర్ణప్రతి' తీసినను 'డి' రాదు. పేరు సంపూర్ణమే, ఫలము మాత్రము మా యాదివారపు నకలే.

రెండు. 'సి' నకలును 'డి'లో దాఁచుట నకలు గాదు. మడులు రెండైనను డిస్కొక్కటే. ఇల్లు కాలినపుడు ముందుగదిలోని సొత్తును వెనుకగదిలోఁ బెట్టినందున లాభమేమి? హద్దుల పట్టిక రెండు ప్రతులును డిస్కుతోనే పోవుననుటయు నిందుకే జ్ఞాపకముంచుకొనవలయును.

మూఁడు. 'డి'లో నున్నవే ముఖ్యములనుకొని 'సి'ని బూర్తిగా నుపేక్షింపరాదు. తెరమీఁద విడిచిన పత్రములు, జాబుల పెట్టె, కొన్ని లెక్కల పనిముట్లు తమంత తాముగా దాఁచు ఖాతాలు 'సి'లోనే యుండును. మీ లెక్కల సాధనము తన వ్రాఁత నెచ్చట నుంచునో నేఁడే యింటికిఁ బోయి విచారింపుఁడు.

నాలుగు. నకలు తీసిన వెంటనే వెలుపలి డిస్కును యంత్రమునుండి వేఱుచేయవలయును. 2017 మే 12వ తేదిని 'వన్నాక్రై' యను దుష్టవ్యవహారము బయలుదేఱి నూటయేఁబది దేశములలో రెండు లక్షలకుఁ బైగా యంత్రములలోని ఫైళ్లకుఁ దాళములు వేసి సొమ్మడిగెను. ఆంధ్రప్రదేశపు పోలీసు శాఖవారి కొన్ని యంత్రములకును నది సోకెను. ఇట్టివి ప్రవేశించినపుడు తగిలించియున్న నకలు డిస్కునకును దాళము పడును. గొళ్లెము లోపలనే దొంగయున్నపుడు గొళ్లెమువలన రక్షణ లేదు. దూరపు సర్వరులలో నెప్పటికప్పుడు సరిచూచుకొను సదుపాయము లున్నవి గదా యని యువకు లనవచ్చును. అవి మేలైనవే. కాని యిచ్చట మనము తుడిచిన దచ్చటను దుడుచుకొనిపోవును. కొన్ని దినములు మాత్రమే చెత్తబుట్టలో నుండును. అద్దములోని ప్రతిబింబము నకలు కానేరదు.

అయిదు. క్రొత్త యంత్రములలో డిస్కులోని వ్రాఁత యంతయు గూఢలిపిలో నుండవచ్చును. దానికి 48 అంకెల తాళపుసంఖ్య యుండును. ఆ సంఖ్యను యంత్రములోనే దాఁచుట, తాళపుచెవిని బీరువాలో బెట్టి బీరువాకుఁ దాళము వేయుట వంటిది. కాగితముమీఁద వ్రాసి యినుపపెట్టెలో నుంచుఁడు.

ఆఱు. తిరిగి పెట్టి చూడని నకలు నకలే గాదు. 1998లో అమెరికాలోని పిక్సారు చిత్రశాలవారు 'టాయ్ స్టోరీ 2' యను చలనచిత్రమును దయారు చేయుచుండఁగా, నొక యాజ్ఞ పొరపాటునఁ బడి చిత్రమునఁ బెద్దభాగము తుడుచుకొనిపోవ నారంభించెను. వారియొద్ద నకళ్లుండెను, విప్పి చూడఁగా నవి సరిగా వ్రాయఁబడియుండలేదు. గేలిన్ సుస్మన్ అను నుద్యోగిని శిశువును గని యింటినుండి పని చేయుటకై ఒక ప్రతిని దనయింట నుంచుకొనియుండుటచే చిత్రము నిలిచెను. అంతటి సంస్థను గాపాడినది వేఱొకచోటనున్న యొక్క ప్రతి. మేము నొక్కసారియైన మా యాదివారపు నకలును విప్పి చూచియున్నచో, 'డి' లేదను సంగతి మొదటి వారముననే తెలిసియుండును. నూఱు వారములు తీయుటకు శ్రద్ధ యుండెను; ఒక్క దినము చూచుటకు లేకపోయెను.

పీటర్ క్రో అను ఛాయాచిత్రకారుఁడు ప్రచారము చేసిన సూత్ర మొకటి లోకమునఁ బ్రసిద్ధము: వ్రాఁతకు మూఁడు ప్రతు లుండవలయును, అవి రెండు విధములైన సాధనములమీఁద నుండవలయును, ఒకటి దూరస్థలమున నుండవలయును. దూరస్థల మేల యందురా? 1977 నవంబరు 19వ తేదిని బుట్టిన యుప్పెన దివిసీమను ముంచి, మన రేపల్లె బాపట్ల ప్రాంతములను సయితము పీడించినదని మీలోఁ బెద్దలు కన్నులారఁ జూచినవారే. నీరు వచ్చినపుడు మొదటిగదికిని రెండవగదికిని భేదము లేదు. ఎండుమిరప నిలువలు కలవారెవరును దమ సరకంతయు నొక్క కోల్డ్‌స్టోరేజిలోనే పెట్టరు. టిక్కీలకుఁ జూపు జాగ్రత్తను లెక్కలకుఁ జూపుట మనకు నేర్వరాని విద్య గాదు.

సభవారికి మనవి

కావున నీ క్రింది విషయములను దీర్మానముగా నంగీకరింపవలసినదని సభవారిని బ్రార్థించుచున్నాము.

(1) సంఘ కార్యాలయమునకు వెలుపలి డిస్కులు రెండు కొని, యొకటి గుంటూరులోను, రెండవది యొంగోలు శాఖలోను నుంచి, నెలకొకసారి మార్చుచుండవలయును. నూఱు కిలోమీటర్లకుఁ బైబడిన దూరమగుటచే రెంటికి నొక్కయాపద కలుగుట యరుదు.

(2) ప్రతినెలయు డిస్కు సంపూర్ణప్రతిని, ప్రతిదినమును వసతిగృహపు లెక్కలను, నిధుల పట్టికలను నకలు తీయవలయును. తీసిన తేదియు, తీసినవారి సంతకమును కాగితపుఁ బుస్తకమున నుండవలయును.

(3) మూఁడు నెలలకొకసారి యిద్దఱు సభ్యులయెదుట నొక ఖాళీ డిస్కులో నకలును తిరిగి పెట్టి, 'డి'ని దెఱచి, ఒక పట్టికను జదివి చూపవలయును.

(4) సభ్యుల కుటుంబవివరములు అన్యుల చేతఁ బడకుండ నకళ్లకు గూఢలిపి రక్షణ నుంచి, తాళపుసంఖ్యను అధ్యక్షులవారియొద్దను గోశాధికారిగారియొద్దను గాగితముమీఁద నుంచవలయును.

(5) మిగిలిన యైదుగురు వృద్ధుల మాటలను మన యువకసోదరు లీ సంక్రాంతిలోపుగా మఱలఁ బట్టి, ఆనాఁటి రాత్రియే మూఁడు ప్రతులు చేయవలయును.

ఈ రెండు డిస్కులకగు వ్యయము ఒక విందులోఁ బండ్లకగు వ్యయమునకు మించదు. ఆ వ్యయమును మేమే భరించెదము. అది దానము గాదు. మా తప్పునకుఁ బ్రాయశ్చిత్తము.

మహాశయులారా! మన తాతలు దస్తావేజును ట్రంకుపెట్టెలోఁ బెట్టి, దాని నకలు రిజిస్ట్రారు కచ్చేరీలో నున్నదని గుండెమీఁదఁ జేయి వేసికొని నిద్రించిరి. వారి పొలమునకు రెండుచోట్ల వ్రాఁత యుండెను. మనము పదునొకండేండ్ల సంఘజీవనమును గుప్పెటిలోఁ బట్టు పలుచని పెట్టెలో నుంచి, దానికొక్క నకలైన నున్నదో లేదో చూచుకొనకున్నాము. యంత్రము చెడుట నేరము గాదు. ఏ యంత్రమైనను జెడును. డిస్కు కొనునాఁడే దాని చావు నిశ్చయమని తెలిసికొని వ్యవహరించువాఁడే గృహస్థుఁడు.

మేము పోఁగొట్టిన మూఁడు కంఠములలో నొకటి యొక పెద్దమ్మగారిది. ఉప్పెన రాత్రి తాటిచెట్టును గౌఁగిలించుకొని తెల్లవాఱువఱకు నిలిచిన వృత్తాంతమును ఆమె చెప్పుచుండఁగా నడుమ నొకసారి యాగి, 'ఇది మీ పిల్లలకు వినిపించండి నాయనా' అనెను. ఆ మాట మాకు జ్ఞాపకమున్నది. ఆ కంఠము మాయొద్ద లేదు. ఇట్టి మాట నిఁక నెవరును జెప్పవలసి రాకుండుఁగాక!